డ్రిల్లు మాస్టారు కుర్చీ నిలబెట్టుకున్న వైనం

డ్రిల్లు మాస్టారు తుంటి ఎముక విరగ్గొట్టుకున్నది పరుగు పందెంలో కాదు, గోడ దూకుతూ కాదు. ప్యాంటు తొడుక్కుంటూ.

మగవాడన్నవాడు ప్యాంటు నిలబడే తొడుక్కోవాలన్నది ఆయన సిద్ధాంతం. మంచం అంచున కూర్చుని తొడుక్కునేవాళ్ళను ఆయన మనుషుల్లో జమకట్టరు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని గొట్టంలోకి దించడం, మళ్ళీ కాలు మార్చడం ఆయన దృష్టిలో రోజూ జరిగే దేహదారుఢ్య పరీక్ష. పరీక్ష పెట్టేదీ ఆయనే, రాసేదీ ఆయనే, దిద్దేదీ ఆయనే కనుక ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చారు. కిడ్నీలు రెండూ పని మానేసినవాళ్ళకు ఒంట్లో పోగైన నీటినీ మురికినీ వారానికి మూడుసార్లు మిషను తోడేస్తుంది. తోడేశాక బీపీ పడిపోవచ్చు, కళ్ళు తిరగొచ్చు, జాగ్రత్త అని నర్సులు ప్రతిసారీ చెబుతారు. మాస్టారు ప్రతిసారీ వింటారు. వినడం వరకే. ప్యాంటు మీద మందు మరక పడిందని వేరేది తొడుక్కోబోయారు.

"కాసేపు నడుం వాల్చండి. బట్టలు తర్వాత మార్చుకోవచ్చు," అంది భార్య వంటగదిలోంచి.

"నాకు చెప్పకు. ఊరందరి పిల్లలకీ చెప్పినవాణ్ణి," అంటూ ఆయన ఎడమ కాలు ఎత్తారు. కుడి కాలు ఒప్పుకోలేదు.

చప్పుడు విని భార్య పరుగున వచ్చేసరికి మాస్టారు ఒక కాలు ప్యాంటులో, ఒక కాలు బయట పెట్టుకుని నేల మీద పడి ఉన్నారు.

"అయ్యో, ఏమైందండీ?"

"ఏం కాలేదు. నేల జారింది."

"నేల తడిగా లేదు కదండీ!"

"పొడి నేలే ఎక్కువ జారుతుంది. నీకు తెలీదు, ఊరుకో."

అది ఆ రోజు ఆయన ఆడిన చివరి పెద్ద మాట. తర్వాతిదంతా మూలుగే.

మాస్టారు ఉద్యోగమంతా ఒకే హైస్కూల్లో చేశారు. వేల మంది పిల్లల్ని పరుగెత్తించారు, బస్కీలు తీయించారు, ఎండలో వరసల్లో నిలబెట్టారు. తను మాత్రం మైదానం అంచున రేకుల పంచ నీడలో కుర్చీ వేయించుకుని, ఈల ఊదేవారు. ఈలకు ఊపిరి కావాలి గానీ కాళ్ళు అక్కర్లేదు. వయసులో ఉండగా గొప్ప ఆటగాడని పిల్లల్లో ఒక పుకారు ఉండేది. ఆయన దాన్ని ఔననలేదు, కాదనలేదు. పుకార్లను పెంచడానికి అంతకన్నా మంచి ఎరువు లేదు.

నడివయసులో బీపీ ఉందని డాక్టరు చెబితే ఆయన నవ్వారు. డ్రిల్లు మాస్టారికి బీపీ ఏమిటి, లెక్కల మాస్టారికి లెక్కలు రానట్టు! మాత్రలు అలమారులోనే ఉండిపోయాయి. బీపీ మాత్రం కిడ్నీల మీద తన పని తాను చూసుకుంది. రిటైరైన నాడు హెడ్మాస్టరు ఆయన్ని 'ఆరోగ్యానికి నిలువెత్తు అద్దం' అని పొగుడుతుంటే, ఆ అద్దం కాళ్ళు వాచి, బూట్లు పట్టక, చెప్పులతో వేదిక మీద కూర్చుంది. ఆ తర్వాతి సంవత్సరమే డయాలసిస్ మొదలైంది.

డయాలసిస్ సెంటరు ఒక ఫర్నిచర్ షాపు పై అంతస్తులో ఉంది. లోపల రెండు వరసల్లో వాలు కుర్చీలు, కుర్చీకో మిషను. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలన్నది నర్సుల ఇష్టమని గోడ మీద రాసి ఉంటుంది. గోడను ఎవరూ ఖాతరు చేయరు. బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టిన జనం, మందుల వాసన మధ్య మాత్రం బుద్ధులు మార్చుకుంటారా? ఎవరి కుర్చీ వాళ్ళదే. తలుపు పక్క కుర్చీ ప్లీడరు గారిది. అందరికన్నా ముందు బయటపడొచ్చని ఆయన దాన్ని ఆక్రమించాడు. అటు చివర, కిటికీ దగ్గరిది డ్రిల్లు మాస్టారిది. కిందనే డ్రైవింగ్ స్కూలు ఆవరణ. డ్రమ్ముల మధ్యనుంచి కారు వెనక్కి నడపలేక చచ్చే శిష్యులకు పైనుంచి ఆయన ఉచితంగా పాఠాలు చెప్పేవారు. అద్దం బిగించి ఉండేది కనుక వాళ్ళకేమీ వినబడేది కాదు. ఇంకా చెప్పాలంటే, అందుకే పెద్ద ప్రమాదాలేవీ జరగలేదు.

రిటైరయ్యాక మనిషి మాట చెల్లే చోటు అదొక్కటే మిగిలింది. ఇంట్లో చెల్లదు, వీధిలో చెల్లదు. ఆ హాల్లో చెల్లేది, ఎందుకంటే చెయ్యి మిషనుకు కట్టేసి ఉంటే ఎవరు మాత్రం లేచి పోగలరు?

తుంటి విరిగి పెద్దాసుపత్రిలో చేరాక ఆయనకు తెలిసిందేమిటంటే, తన శరీరానికి ఇద్దరు యజమానులున్నారు. పై అంతస్తులో ఎముకల డాక్టరు, కింది అంతస్తులో కిడ్నీ డాక్టరు.

"ఆపరేషన్‌కి నేను రెడీ అమ్మా. కిడ్నీ డాక్టరు సరేనంటే చాలు," అన్నాడు పైవాడు.

"ఆలస్యం చేయకూడదమ్మా. ఆయన రెడీ అంటే నేనూ రెడీ," అంది కింది ఆవిడ.

ఈ ఇద్దరి సంసిద్ధతల మధ్య మాస్టారి భార్య మెట్లెక్కింది, దిగింది. మళ్ళీ ఎక్కింది. చివరికి కిడ్నీ డాక్టరమ్మే విసుగొచ్చి పైకి వెళ్ళి ఎముకల డాక్టరు గది గుమ్మంలో నిలబడింది. మనిషికి మనిషి ఎదురుపడితే వైద్యం ఎంత తొందరగా జరుగుతుందో అప్పుడు తెలిసింది. మర్నాడే తుంటిలో లోహపు కడ్డీ వేసి బిగించారు.

"అంత మెల్లగా పడితే కూడా విరుగుతుందా డాక్టరమ్మా?" అని అడిగాడు బామ్మర్ది. మాస్టారి భార్యకు ఇతను స్వయానా తమ్ముడు. బావగారికి ఏమైనా అయితే సంచి సర్దుకుని దిగిపోవడం, దిగాక పెత్తనం తీసుకోవడం అతని అలవాటు.

"కిడ్నీ అంటే మూత్రం ఒక్కటే అనుకుంటాం. ఎముకల బాగోగులు కూడా దాని చేతిలోనే ఉంటాయి. అది పడుకుంటే రక్తానికి కావలసిన కాల్షియం ఎముకల్లోంచి ఊడివస్తుంది. పైకి గోడ నిలబడే ఉంటుంది, లోపల ఇటుకలు గుల్ల. భోజనంతో పాటు నమలమని మాత్రలిచ్చాను, నమిలేవారా?"

ముద్దకీ ముద్దకీ మధ్య మాత్ర నమిలేవాడు రోగి, నేను కాదు అని మాస్టారు వాటిని పక్కన పెట్టిన సంగతి ఇప్పుడు చెప్పి ఏం లాభమనుకుంది భార్య.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. డయాలసిస్ మీదున్నవాళ్ళకు తుంటి విరగడం మిగతావాళ్ళకన్నా బాగా ఎక్కువ. విరిగాక మునుపటిలా నడిచేవాళ్ళు తక్కువ. ఏడాది తిరక్కుండానే పోయేవాళ్ళూ తక్కువేం కాదు. "అందుకని వీలైనంత త్వరగా లేపి నిలబెట్టాలి. జాగ్రత్తగా."

బామ్మర్ది చెవిలో ఆఖరి మాట ఒక్కటే పడింది.

అసలు దెబ్బ, మాస్టారిని ఇంటికి చేర్చాక, డయాలసిస్ సెంటరు నుంచి వచ్చింది. మేనేజరు స్వయంగా ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. మనిషిని గెంటేసేటప్పుడు కూడా ముందు నడుం వంచే రకం.

"సార్, మా దగ్గర పేషెంటు బరువు మిషను దగ్గర్నుంచి కుర్చీ దాకా తన కాళ్ళ మీద రావాలి సార్. వాకర్ పట్టుకోవచ్చు. స్ట్రెచర్ కేసులు పెద్దాసుపత్రి మంచాల వార్డులోనే చేయించుకోవాలి. నిబంధన సార్. మీ సౌకర్యం కోసమే."

"నా కుర్చీ?"

"నెలాఖరు దాకా మీ పేరు మీదే ఉంచుతాం సార్. ఆ తర్వాత... వెయిటింగ్‌లో చాలా మంది ఉన్నారు సార్."

మాస్టారు ఫోన్ పెట్టేసి గోడ వంక చూశారు. మంచాల వార్డులో అప్పటికే రెండుసార్లు పడుకున్నారు. చుట్టూ తెర లాగేస్తారు. తెర అవతల ఎవరున్నారో తెలీదు, ఎవరితో పోట్లాడాలో తెలీదు. పైకప్పును చూస్తూ నాలుగు గంటలు. ఈల ఊదడానికి మైదానమే లేదు.

"నెలాఖరుకి నడుస్తాను," అన్నారు.

"నువ్వు నడవడమా!" బామ్మర్ది అదిరిపడ్డాడు. "బావా, కాలు కింద పెట్టావంటే నా మీద ఒట్టే! ఎముక అతుక్కోవద్దూ? నీకేం కావాలన్నా మంచం దగ్గరికే వస్తుంది. నేను లేనూ?"

ఆసుపత్రి వాళ్ళు పంపగా ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంటుంది. గొంతు మాత్రం గంట.

"కాలు మడవండి సార్. వన్... టూ..."

"ఆపు. నాకు వన్, టూ చెప్పేంత దానివయ్యావా? ఆ మాటలు నేను కనిపెట్టాను."

"అయితే మీరే లెక్కపెట్టండి సార్. నాకూ గొంతు నొప్పి తప్పుతుంది."

మాస్టారు లెక్కపెట్టారు. పక్క వీధి కుక్కలు కూడా సర్దుకుని నిలబడేంత దర్జాగా లెక్కపెట్టారు. కాలు మాత్రం కదలలేదు. అమ్మాయి వంగి మోకాలి వంక చూసింది.

"లెక్క బాగుంది సార్. కాలు ఎప్పుడు మొదలెడుతుంది?"

రెండోసారి ఆమె వచ్చినప్పుడు బామ్మర్ది గుమ్మంలోనే అడ్డుకున్నాడు. "కొన్నాళ్ళాగి రామ్మా. మనిషికి బలం పట్టనీ." మాస్టారు మంచం మీదినుంచి అభ్యంతరం చెప్పలేదు. నెలాఖరు ఇంకా దూరంలో ఉంది. నొప్పి మాత్రం దగ్గర్లో ఉంది.

అక్కణ్ణుంచి సేవ మొదలైంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు అరటిపళ్ళు తెచ్చారు, బత్తాయిలు తెచ్చారు, పళ్ళరసాల డబ్బాలు తెచ్చారు. డయాలసిస్ రోగికి ఏమేం పెట్టకూడదో వెతికి మరీ తెచ్చినట్టుండేది. అవన్నీ బామ్మర్దికి చేరాయి. ఆ నెలలో ఆ ఇంట్లో కోలుకున్నది అతనొక్కడే. మాస్టారికి తల కింద దిండు, కాలి కింద దిండు, నడుం పక్కన దిండు. తినిపించడం, తుడవడం, ఒత్తిగిల్లితే మళ్ళీ వెల్లకిలా తిప్పడం. "కదలకు బావా!" అన్నది ఆ ఇంటి మంత్రమైంది.

దీనంతటికీ రుజువు బరువు మిషను. డయాలసిస్‌లో ప్రతి మనిషికీ ఒక బరువు రాసి పెడతారు. అదనపు నీరంతా పోతే మనిషి ఎంత తూగుతాడో అది. డయాలసిస్ మిషను అక్కడిదాకా నీరు తోడి ఆగిపోతుంది. మాస్టారు వార్డు నుంచి వచ్చిన ప్రతిసారీ బామ్మర్ది, నీరు తోడాక పడుకోబెట్టే తూచిన అంకె అడిగి తెలుసుకునేవాడు. ప్రతిసారీ అదే అంకె.

"చూశావా అక్కా! మంచం మీదున్న మనిషి గ్రాము తగ్గలేదు! అదీ నా పోషణ!" వీధిలో కూడా చెప్పాడు. వీధి ఒప్పుకుంది.

ఆ పోషణలోనే మాస్టారికి ఒక దిండు చాలక రెండయ్యాయి, రెండు చాలక మూడయ్యాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ఒక వాక్యం చెప్పడానికి రెండు చోట్ల ఆగేవారు.

"కండ పట్టింది బావకి. ఆ మాత్రం ఆయాసం ఉంటుంది," అని తేల్చాడు బామ్మర్ది.

ఒకరోజు కిడ్నీ డాక్టరమ్మ వార్డులోకి వచ్చి తెర తొలగించింది. మాస్టారి కాలి మీద వేలుతో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది. జబ్బ పట్టుకు చూసింది. చేతికి చర్మం, చర్మం కింద ఎముక తగిలాయి.

"బరువు ఎలా ఉంది?"

"ఏమాత్రం తగ్గలేదండీ!" బామ్మర్ది ఛాతీ పెద్దదైంది.

"తగ్గాలి కదండీ."

"ఆఁ?"

"ఇన్నాళ్ళు కాలు కదపకుండా పడుకుంటే కండ కరిగిపోతుంది. కరిగినంత మేరా బరువు తగ్గాలి. తగ్గలేదంటే ఆ ఖాళీలో నీళ్ళు చేరాయన్నమాట. మీరు ఇన్నాళ్ళూ సంతోషపడింది నీళ్ళ బరువు చూసి." ఆమె నర్సుల వంక తిరిగింది. "మనం కూడా పాత అంకె దగ్గరే ఆపేస్తున్నాం. తప్పు మనది కూడా. ఆ నీళ్ళే ఊపిరితిత్తుల్లోకి వెళ్తున్నాయి."

నాలుగైదు విడతల్లో మెల్లగా ఆ నీరంతా తోడారు. ఊపిరి కుదుటపడింది. దిండ్లు ఒక్కొక్కటే దిగిపోయాయి. నీళ్ళు పోగా మిగిలిన మాస్టారు మాత్రం చాలా కొంచెం. దుప్పటి తీసి తన తొడ చూసుకున్నారు. ఒకప్పుడు బెత్తం పట్టుకున్న చేత్తోనే దాన్ని పట్టుకున్నారు. గుప్పిట దాదాపు మూసుకుపోయింది.

"ఇది ఎవరి కాలే?" అన్నారు భార్యతో. హాస్యానికే అన్నారు. గొంతు హాస్యంగా రాలేదు.

భార్య నేరుగా హాల్లోకి వెళ్ళింది. అక్కడ తమ్ముడు బత్తాయి ఒలుచుకుంటున్నాడు.

"ఒరేయ్, నువ్వు రేపు మీ ఇంటికెళ్ళు."

"అదేంటక్కా? బావని ఎవరు చూసుకుంటారు?"

"ఎవరూ చూసుకోకపోతేనే బతికేలా ఉన్నారు. నీ పోషణ కొన్నాళ్ళు మీ ఆవిడకి పెట్టు."

"నేను లేకపోతే నీకు తెలుస్తుంది!"

"తెలియాలనే పంపుతున్నాను."

అతను అలిగి వెళ్ళాడు. పళ్ళరసాల డబ్బాలు మాత్రం మరచిపోకుండా తీసుకెళ్ళాడు. మర్నాడు గంట గొంతు అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి మాస్టారే లేచి కూర్చోబోయారు.

మంచం మీదినుంచి నిలబడడం అనేది ఎంత పెద్ద పనో డ్రిల్లు మాస్టారు ఆ వయసులో నేర్చుకున్నారు. కాళ్ళు వణికాయి, చెమట పట్టింది, నోట మాట రాలేదు. నిలబడ్డవాడు మాట్లాడలేడని, అందుకే పిల్లలు మైదానంలో ఎదురు చెప్పేవారు కాదని ఆయనకప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ అది క్రమశిక్షణ అనుకున్నారు.

"సార్, స్కూల్లో మీరు ఏ ఆట ఆడేవారు?" వాకర్ ముందుకు జరుపుతూ అడిగింది అమ్మాయి. మాటల్లో పెడితే నొప్పి తెలియదని ఆమె చిట్కా.

"ఆడించేవాణ్ణి."

"సరే సార్, ఆడించేవారు. మీరు ఏం ఆడేవారు?"

మాస్టారు ఇంకో అడుగు వేసి, ఊపిరి తీసుకున్నారు.

"ఈల."

అమ్మాయి నవ్వలేదు. నవ్వాపుకోవడానికి గోడ వైపు తిరిగింది. వంటగదిలోంచి మాత్రం పెద్దగా నవ్వు వినబడింది. మాస్టారికి కోపం రావాల్సింది. ఆ సమయానికి ఒంట్లో ఉన్న బలమంతా కాలికి కేటాయించడం వల్ల రాలేదు.

నెలాఖరు రోజున అద్దె కారులో సెంటరుకు వెళ్ళారు. లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి మేనేజరు బరువు మిషను పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వెనక బెంచీ మీద కొత్త పేషెంటు ఒకాయన, ఆయన కొడుకు. కొడుకు చూపు అప్పటికే కిటికీ కుర్చీ మీద ఉంది.

"రండి సార్, రండి. తొందరేం లేదు," అన్నాడు మేనేజరు, గడియారం చూసుకుంటూ.

మాస్టారు బరువు చూసుకుని వాకర్ పట్టుకున్నారు. హాలంతా చూస్తోంది. వాకర్ ఒకటి, కాలు ఒకటి, రెండో కాలు ఒకటి. కొన్ని అడుగులు బాగానే పడ్డాయి. కిటికీ మాత్రం దగ్గరికి రావడం లేదు. తలుపు దగ్గరి కుర్చీ దాటబోతుండగా మోకాళ్ళు కబురు పంపాయి. ఇంకొక్క అడుగు వేస్తే మళ్ళీ నేలే. మాస్టారు వాకర్ తిప్పి, కుర్చీ చేతులు పట్టుకుని, ఆ కుర్చీలోనే మెల్లగా కూలబడ్డారు.

వెనకాలే బరువు చూసుకుని వస్తున్న ప్లీడరు గారు ఆగిపోయాడు.

"మాస్టారూ, అది నా కుర్చీ."

"పేరు రాసుందా?"

"ఏళ్ళ తరబడి నా అనుభవంలో ఉన్న కుర్చీ. ఎవర్నైనా అడగండి."

"ఇప్పుడు నా అనుభవంలో ఉంది. చేతనైతే లేపుకోండి. నేను మాత్రం లేవలేను."

చివరి మూడు మాటలు చిన్నగా అన్నారు. ప్లీడరు గారు ఆయన వణుకుతున్న తొడల వంక ఒకసారి చూశాడు.

మేనేజరు దగ్గాడు. "సార్, మీ కుర్చీ కిటికీ దగ్గరిది కదా సార్. అక్కడిదాకా మీరు... అంటే, నిబంధన ప్రకారం..."

"ఏం నిబంధన?" ప్లీడరు గారు చటుక్కున తిరిగాడు. కేసు కనబడితే ఎవరి తరఫున ఉన్నదీ మరచిపోవడం ఆయన వృత్తిలో ఉంది. "బరువు మిషను నుంచి కుర్చీ దాకా నడవాలన్నారు. నడిచాడు. కుర్చీలో ఉన్నాడు. కిటికీ దాకా నడవాలని ఎక్కడ చెప్పారు? కుర్చీలు పేషెంట్లవి కావు, నర్సుల ఇష్టమని మీ గోడే చెబుతోంది. మీ గోడ అబద్ధమాడుతోందా?"

మేనేజరు గోడ వంక చూశాడు. రాయించింది అతనే.

"కాదు సార్."

"అయితే అడ్మిట్ చేసుకోండి." ప్లీడరు గారు కేసు గెలిచి, తన కుర్చీ పోగొట్టుకుని, ఆ సంగతి కొంచెం ఆలస్యంగా గుర్తొచ్చి, నర్సు చెప్పినట్టు వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాడు. తర్వాత ఆ కుర్చీ వదల్లేదు. వెలుతురు బాగుందన్నాడు.

బెంచీ మీది కొడుకు లేచి, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని మేనేజర్ని అడిగాడు. మేనేజరు వాళ్ళని కూడా చాలా మర్యాదగా పంపించాడు.

నాలుగు గంటలు మిషను తిరిగింది. ఏసీ గాలి సరాసరి మాస్టారి మెడ మీదే పడింది. ఎదురుగా తలుపు. వచ్చేపోయేవాళ్ళు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. అయినా ఆయన ఇద్దరు నర్సుల్ని నడక సరిగా లేదని మందలించారు. తోటి పేషెంటొకరికి వీపు నిటారుగా పెట్టమని సలహా ఇచ్చారు. హాలు నిట్టూర్చింది. మనిషి తిరిగొచ్చాడని అందరికీ తెలిసింది.

అయ్యాక నర్సు బీపీ చూసి, చక్రాల కుర్చీ తెచ్చి పక్కన నిలబెట్టింది. భార్య భయంభయంగా చూసింది. ఇప్పుడేం సిద్ధాంతం బయటికొస్తుందోనని.

"బయటికి కూడా నడవాలని ఏమైనా రూలుందా?" అని మాస్టారు మేనేజర్ని కేకేసి అడిగారు.

"లేదు సార్. లోపలికి రావడానికే."

"మంచి రూలు," అని ఆయన నర్సు చెయ్యి పట్టుకుని చక్రాల కుర్చీలోకి మారారు. మారడానికి చాలాసేపు పట్టింది. భార్య నెట్టింది. ఎల్లుండి మళ్ళీ నడవాలి.